పాపము, ఋణము, జీతము

జాషువాపై వచ్చిన విమర్శలో ఒక విచిత్రం ఉంది. ఆయన పద్యశిల్పం గురించి రాశారు, కరుణరసం గురించి రాశారు, దేశభక్తి గురించి రాశారు. 'గబ్బిలం'లో మేఘసందేశపు ఛాయల గురించి పుటలకు పుటలు రాశారు. కాని ఆ కవి క్రైస్తవ కుటుంబంలో పుట్టాడనీ, 'పాపం' అన్న మాట ఆదివారం ఆదివారం చెవినపడే వాతావరణంలో పెరిగాడనీ, ఆ మాటతో ఆయన కవిత్వానికి ఏదో ఒక లావాదేవీ ఉండి తీరుతుందనీ చాలామందికి తోచలేదు. సంప్రదాయ విమర్శకులకు ఆ ప్రసక్తి ఇబ్బంది. అభ్యుదయ విమర్శలో ఒక ధోరణికి అది అనవసరం. మార్క్స్ మతాన్ని నల్లమందుతో పోల్చాడన్న సంగతి ఈ ధోరణికి గుర్తుంది. 1844 నాటి ఆ పేరాలోనే మతాన్ని పీడితుడి నిట్టూర్పు అన్నాడన్న సంగతి గుర్తులేదు. నిట్టూర్పు ఎవరిదో, ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా నల్లమందు గురించి మాట్లాడటం భౌతికవాదం అనిపించుకోదు.

పాపం, దాని ఫలితం అన్న క్రైస్తవ భావన తెలుగు పల్లెలోకి ఏ మాటల రూపంలో వచ్చింది, అక్కడ ఏ వస్తుగత పరిస్థితులతో ముడిపడింది, మన సాహిత్యం దాన్ని ఏం చేసింది అన్నది ఈ వ్యాసం విషయం. ఆ సిద్ధాంతం సత్యమా కాదా అన్నది వేదాంతుల తగాదా. దాన్ని వాళ్ళకే వదిలేద్దాం.

మొదట 'పాపం' అన్న మాటే చూద్దాం. బైబిలును తెలుగు చేసిన మిషనరీలు ఈ మాట కోసం వెతుక్కోనవసరం లేకపోయింది. అది అప్పటికే ఊళ్ళో ఉంది. చిక్కు కూడా అందులోనే ఉంది. గ్రీకు మూలంలో ఉన్న మాట 'హమార్తియా'. గురి తప్పడమని దాని తొలి అర్థం. తెలుగులో 'పాపం' అనేసరికి విల్లూ బాణమూ ఎగిరిపోయి, వాటి స్థానంలో వెనకటి జన్మ వచ్చి కూచుంటుంది. ఈ మాటను మనం రోజూ వాడే తీరు గమనించండి. కాలు విరిగినవాణ్ణి చూసి 'అయ్యో, పాపం' అంటాం. తల్లి లేని పిల్ల, పాపం. కూలి దొరకనివాడు, పాపం. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఇదే వాడుక. ఇది ఎలా పుట్టిందన్నది భాషావేత్తలు తేల్చవలసిందే గాని, జాలీ నేరారోపణా ఒకే మాటలో కాపురం చేస్తున్నాయన్నది మాత్రం స్పష్టం. బాధపడుతున్నాడంటే ఎప్పుడో ఏదో చేసుకునే ఉంటాడన్నమాట. 'చేసుకున్నవారికి చేసుకున్నంత' అన్న సామెత దీని తోబుట్టువే.

ఈ లోకదృష్టికి శాస్త్రప్రమాణం కూడా ఉంది. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో మంచి నడవడి కలవారు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య గర్భాల్లో పుడతారనీ, చెడు నడవడి కలవారు కుక్క, పంది, చండాల గర్భాల్లో పుడతారనీ ఉంది. ఆ వరుసకు వ్యాఖ్యానం అక్కరలేదు. అంటే మాలపల్లెలో పుట్టడమే పాపఫలితం. నేరం రుజువు చేయనవసరం లేదు, పుట్టుకే రుజువు. భూమి లేకపోవడానికీ, వెట్టి చేయడానికీ, చెరువు నీళ్ళు ముట్టకూడదనడానికీ ఈ ఒక్క మాట సమాధానం చెప్పేస్తుంది. భూస్వామ్య వ్యవస్థకు ఇంతకంటె చవకైన పోలీసు మరొకడు దొరకడు.

ఇటువంటి మాటలోకి క్రైస్తవం తన అర్థాన్ని పోసింది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో చెప్పింది, పాపం విషయంలో మనుషుల మధ్య భేదం లేదని. అందరూ పాపులే. అయిదో శతాబ్దిలో అగస్టీను దీన్ని జన్మపాపంగా స్థిరపరిచాడు. ఆదాము చేసిన తప్పు పుట్టిన ప్రతి బిడ్డకూ వారసత్వంగా వస్తుందన్నాడు. అదెక్కడి న్యాయమని అడిగిన పెలాగియసు వెలికి గురయ్యాడు. మన హేతువాద మిత్రులు పెలాగియసు పక్షాన నిలబడతారు. ఎవరో తిన్న పండుకు ఎవరికో శిక్ష ఏమిటన్నది న్యాయమైన ప్రశ్నే. కాని ఒక సిద్ధాంతం పుస్తకంలో ఎలా ఉందన్నది ఒక సంగతి, అది ఎవరి చెవిన ఎలా పడిందన్నది మరొక సంగతి. కర్మ సిద్ధాంతం పాపాన్ని మెట్లుమెట్లుగా పంచింది, జన్మపాపం అందరినీ ఒకే గోతిలో పడేసింది. 'నువ్వు పాపివి' అన్నమాట మాదిగపల్లెకు కొత్తది కాదు, తరతరాలుగా విన్నదే. 'కరణమూ పాపే, రెడ్డీ పాపే, పూజారీ పాపే' అన్నది కొత్త. అది విన్నవాడి వెన్ను ఒక్క అంగుళమైనా నిటారుగా లేచి ఉంటుంది.

ఒంగోలు ప్రాంతపు చరిత్ర దీనికి సాక్ష్యం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆయనకంటె ముందు పల్లెపల్లెకూ ఆ మాట మోసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అన్న మాదిగ. మిషన్ చరిత్రలు ఆయనకు ఇచ్చే చోటు ఎప్పుడూ దొర నీడలోనే. 1876–78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించాడు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. కరువు, కూలి, బాప్తిస్మం ఈ మూడింటినీ విడదీసి చూసే చరిత్రకారుడు మతప్రచారకుడైనా అవుతాడు, మతద్వేషి అయినా అవుతాడు.

ఆ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. పైకి ఇవి వ్యక్తిగత శుచికి సంబంధించిన పాపాల పట్టికలా కనిపిస్తాయి. ఊరి ఉత్పత్తి సంబంధాల్లో పెట్టి చూస్తే వేరుగా కనిపిస్తాయి. మాదిగ ఏడో రోజున పనికి రానంటే వెట్టికి గండి పడ్డట్టే. చచ్చిన గొడ్డును ముట్టనంటే తోలుకూ, చెప్పుకూ, మోటబొక్కెనకూ సంబంధించిన పాత ఒప్పందం చెడ్డట్టే. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెత్తనానికి బహిరంగ ధిక్కారమే. ఆసాములకు ఇది వెంటనే అర్థమైంది కనకనే పల్లెలపై దాడులు చేశారు, బావులు కట్టివేశారు. పాపభయం అన్న ముసుగులో తెలుగుదేశంలో జరిగిన తొలి సమ్మెల్లో ఇదొకటని నేనంటాను. మాట కాస్త పెద్దదే అయినా వెనక్కి తీసుకోను.

ఇక రెండో మాట, ఋణము. క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్తలో ఉంది. తెలుగు క్రైస్తవులు పరలోక ప్రార్థన అనేది దాన్నే. అందులో పాపాలు అని ఉండవలసిన చోట తెలుగు బైబిలు 'ఋణములు' అంటుంది. ఇది అనువాదకుల చమత్కారం కాదు. గ్రీకులోనూ అప్పులనే ఉంది. క్రీస్తు మాట్లాడిన అరామిక్ భాషలో అప్పుకూ పాపానికీ మాట ఒకటే. మూడో మాట జీతము. రోమా పత్రిక ఆరో అధ్యాయం చివర, పాపానికి ఫలం చావు అని చెప్పే సందర్భంలో, గ్రీకు మూలం సైనికుడికిచ్చే బత్తెం అన్న మాట వాడింది. తెలుగు బైబిలు అక్కడ 'జీతము' అని పెట్టింది.

పట్నంలో నెల మొదటి తారీఖున అందుకునే జీతం వేరు. పల్లెలో జీతం అంటే పాలేరుతనం. 'జీతానికి కుదిరాడు' అంటే ఏడాది పొడుగునా ఆసామి గొడ్లచావడిలో పడుకోవడం. తెలంగాణలో దీన్నే భాగేలా అన్నారు. తాత పెళ్ళికి తెచ్చిన పుట్టెడు జొన్నలకు మనవడు జీతం ఉండటం కట్టుకథ కాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తేవలసి వచ్చిందంటే అప్పటిదాకా ఏం నడిచిందో ఊహించుకోవచ్చు. జన్మపాపం అన్నది పండితులకు చిక్కుప్రశ్న కావచ్చు గాని జీతగాడికి అందులో అర్థం కానిదేమీ లేదు. ఎవరో పాతవాడు తీసుకున్న అప్పు, తీరని వడ్డీ, దానికింద పుట్టినప్పటి నుంచీ తను. అతని బతుకే అది. బైబిలులో 'విమోచన క్రయధనము' అన్న మాట వచ్చినప్పుడు, అంటే ఎవరో సొమ్ము కట్టి బానిసను విడిపించడమన్న మాట వచ్చినప్పుడు, అతను ముందుగా దేన్ని తలుచుకుని ఉంటాడు? మోక్షాన్నా? గొడ్లచావడినా?

ఈ రెండో అర్థాన్ని సంఘం నిలబెట్టలేదు. మిషన్ కాంపౌండులు ఏర్పడి, బడులూ ఆస్పత్రులూ లేచి, పాదిరీలకు సర్కారుతో సఖ్యత కుదిరిన కొద్దీ, పాపం ఖాతా మళ్ళీ పల్లెవాడి పేరనే తెరిచారు. కల్లు తాగాడు, బల్లకు దూరం. జాతరకు వెళ్ళింది, బల్లకు దూరం. ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకపోవడం ఇక్కడ పాపఫలితమైంది. ఊరు వెలివేసిన మనిషిని సంఘం కూడా వెలివేయడం నేర్చుకుంది. కూలి ఎగ్గొట్టిన ఆసామిని, కులం చూసి పిల్లనిచ్చిన పెద్దను బల్లకు దూరంగా పెట్టిన సందర్భాలు ఎన్ని? తెలుగు క్రైస్తవంలో రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు, మాల సంఘం, మాదిగ సంఘం ఈనాటికీ వేరువేరుగా ఉన్నారంటే, పాపాల పట్టికలో కులం చోటు సంపాదించుకోలేదనే అర్థం.

స్టువర్టుపురం కథ ఇంకా ఘోరం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్దికాలానికే ఎరుకల కుటుంబాలను బాపట్ల సమీపంలో సెటిల్మెంటుగా కూడగట్టి, సంస్కరణ బాధ్యతను ముక్తిఫౌజుకు అప్పగించారు. నేరాన్ని రోగంలా నయం చేయవచ్చునని ఆ ఫౌజు నాయకుడు బూత్ టక్కర్ వాదించాడు. నయం చేసే మందు ఏమిటంటే, హాజరు పట్టీ, ప్రార్థన, చీరాల పొగాకు కంపెనీలో కూలి. ఛాందోగ్యం చెప్పిన పుట్టుక పాపమూ, అగస్టీను చెప్పిన జన్మపాపమూ, సర్కారు చట్టమూ ఒకేచోట కలుసుకున్న అరుదైన దృశ్యమిది. అందరూ పాపులే అన్న మాటలోని సమానత్వం కాస్తా ఎగిరిపోయి, మీరే పాపులు అన్నది మిగిలింది. ఆ చట్టం 1952లో రద్దయ్యేదాకా ఇది నడిచింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)లో సెటిల్మెంటు ఘట్టాలను ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. ఆ నవల్లో గాంధేయమెంత, బోల్షివిజమెంత అని తూకం వేసిన విమర్శకులు, పాపిని బాగుచేసే యంత్రాన్ని ఒక నవలాకారుడు అంత తొందరగా పసిగట్టాడన్న సంగతిని పట్టించుకోలేదు.

తిరిగి జాషువా దగ్గరికి వద్దాం. 'గబ్బిలం' 1941లో వచ్చింది. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టడానికి రెండేళ్ళ ముందు. అందులోని నాయకుడు అరుంధతీసుతుడు. సందేశం పంపింది కాశీ విశ్వనాథుడికి. క్రైస్తవ కవి శివుడికి మొర పెట్టుకోవడమేమిటని కొందరు ఆశ్చర్యపోయారు, సర్వమత సహనమని కొందరు మెచ్చుకున్నారు. రెండూ అసలు విషయాన్ని దాటేశాయి. కర్మ పేరుతో తనను పస్తులు పెట్టినవాళ్ళ దేవుడి దగ్గరికే ఫిర్యాదు పోయింది. నేరం జరిగిన ఊళ్ళోనే కదా ఫిర్యాదు రాయించేది. ఇక ఆ కావ్యంలో చెప్పులు కుట్టేవాడి గురించిన పద్యం ప్రసిద్ధం. ఈ దేశమే వాడి సేవకు అప్పు పడిందని కవి అక్కడ తేల్చాడు. ఆ పద్యాన్ని సభల్లో పాడతారు, చప్పట్లు కొడతారు. అందులో జరిగిన పని ఏమిటో చూడండి. పాపం అంటే ఋణం అన్న భావనను చిన్నప్పటి నుంచీ విన్న కవి, ఖాతా పుస్తకాన్ని తిరగేసి, బాకీదారు పేరు కొట్టేసి, ఆ చోట భరతఖండం పేరు రాశాడు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. గౌరవం సంగతి అలా ఉంచితే, క్రైస్తవ భావన కవిత్వంగా పండింది క్రీస్తు పేరు పెట్టుకున్న ఆ కావ్యంలో కంటె క్రీస్తు ఊసు లేని ఈ పద్యంలోనే ఎక్కువని నా అభిప్రాయం.

జాషువా బాకీదారును చూపించాడు గాని వసూలు సంగతి చెప్పలేదు. అంతటా కరుణే. ఆ కరుణ ఒక తరం తర్వాతి కవులకు చాలలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. చనిపోయినవారి పల్లెలో అధికులు చర్చికి వెళ్ళేవారే. కాగితాల మీద మాత్రం క్రైస్తవులు కాకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ విస్తరించారు గాని క్రైస్తవులకు లేదు. అంటే పల్లెవాడు ఆదివారం ఒక పేరుతో, సోమవారం ఆఫీసులో మరొక పేరుతో బతకాలి. అబద్ధమాడటం పాపమని బోధించే సంఘం ఈ అబద్ధం ముందు ఏం చెప్పాలో తెలియక తలొంచుకుంటుంది. ఇక పాపఫలితం మాట. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరు కేసులో 21 మందికి యావజ్జీవం, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. పాపానికి జీతం చావే అయినా ఆ జీతం చంపినవాడికి చేరలేదు, చచ్చినవాడికే ముట్టింది.

ఇటువంటి కాలంలో మద్దూరి నగేష్‌బాబు ఒక దీర్ఘ కవితకు 'నరలోక ప్రార్థన' అని పేరు పెట్టాడు. ఒక్క అక్షరం మార్చాడు, ప్రార్థన దిక్కు మారిపోయింది. క్షమాపణ అడిగే నోరే లెక్క అడగటం మొదలుపెట్టింది. సంఘం లోపలి కులాన్ని కూడా ఆ కవి వదల్లేదు. క్రైస్తవంపై మన సాహిత్యంలో వచ్చిన విమర్శల్లో బలమైనవి బయటి హేతువాదుల నుంచి రాలేదు, ఇలా లోపలి నుంచే వచ్చాయి. ఇదే సమయంలో క్రైస్తవ వేదాంతం కూడా కదిలింది. 1968లో మెడెలిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు అన్యాయ వ్యవస్థనే పాపస్థితిగా గుర్తించారు. 1971లో గుస్తావో గుతియెరెస్ పుస్తకం వచ్చింది. మన దేశంలో 1980లలో అరవింద్ నిర్మల్ వంటివారు దళిత వేదాంతానికి దారి తీశారు. ఇవన్నీ మంచివే. కాని వేదాంత కళాశాలల్లో ఈ మాటలు ఇంగ్లీషులో నలిగినంతగా పల్లె చర్చిలో తెలుగులో నలగలేదు. 'వ్యవస్థాగత పాపం' అంటే పల్లెలో ఎవడికీ ఎక్కదు. 'ఋణం', 'జీతం' ఎక్కుతాయి, అవి నూరేళ్ళకు పైగా అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు జీతం అన్న మాట అర్థం మరొకసారి మారుతున్న చోటు గురించి రెండు ముక్కలు. ఈ వ్యాసం రాస్తున్నది మణికొండలో. 2018లో మునిసిపాలిటీ అయిన ఈ ఊరి చుట్టూ సాఫ్ట్‌వేర్ కంపెనీలు. అపార్టుమెంటు పైఅంతస్తుల్లో నెలజీతాలు, వాయిదాల అప్పులు. కింద వాచ్‌మన్ గదిలో పల్నాడు నుంచో పాలమూరు నుంచో వచ్చిన కుటుంబం. అద్దె హాళ్ళల్లో జరిగే ప్రార్థనలకు ఇద్దరూ వస్తారు. అక్కడ పాపం గురించి వినిపించేది తక్కువ, శాపం గురించి వినిపించేది ఎక్కువ. ఉద్యోగం పోతే ఏదో దోషం, వీసా రాకపోతే విశ్వాసలోపం, అప్పు తీరితే ఆశీర్వాదం. రెండువేల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చిన భావన చివరికి 'చేసుకున్నవారికి చేసుకున్నంత' దగ్గరే దిగింది.

కాని క్రీస్తు పేరిట ఉన్న గ్రంథమే దీన్ని ఒప్పుకోదు. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు, వీడి పాపమా వీడి తల్లిదండ్రుల పాపమా అని అడుగుతారు. అచ్చం మన రచ్చబండ ప్రశ్న. ఇద్దరిదీ కాదని జవాబు. లూకా పదమూడో అధ్యాయంలో సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి వస్తుంది. వాళ్ళు యెరూషలేములోని మిగతావాళ్ళకంటె పెద్ద పాపులేమీ కారని క్రీస్తు అంటాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీకూ అదే గతి అని హెచ్చరిస్తాడు కూడా. బోధకులు ఈ రెండో మాటనే పట్టుకున్నారు.

1934 జనవరిలో బీహారు భూకంపం వచ్చినప్పుడు అది అస్పృశ్యత అనే పాపానికి దైవశిక్ష అని గాంధీ అన్నాడు. పాపం సవర్ణులదని ఖాతా సరిగానే మార్చాడు. కాని కూలిన ఇళ్ళకింద పడ్డవాళ్ళలో అంటరానివాళ్ళూ ఉన్నారు. ప్రకృతి ఉత్పాతాన్ని నీతితో ముడిపెట్టడాన్ని టాగూరు నిరసించాడు. ఆ వాదంలో టాగూరు పక్షమే సరైనది.

మణికొండ పక్కనే ఉన్న నానక్‌రామ్‌గూడలో 2016 డిసెంబరులో అనుమతులు లేకుండా కడుతున్న ఏడంతస్తుల భవనం రాత్రిపూట కూలి 11 మంది చనిపోయారు. ఎక్కువమంది విజయనగరం జిల్లా నుంచి పనికి వచ్చి, కుటుంబాలతో ఆ భవనంలోనే తలదాచుకున్న కూలీలు. అది భూకంపం కాదు. ఇసుకా, సిమెంటూ, అనుమతి కాగితమూ, చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారీ ఉన్న వ్యవహారం. టీవీ ముందు కూచున్న జనం 'అయ్యో పాపం' అన్నారు. సిలోయము గోపురాన్ని ఎవరు కట్టించారో లూకా రాయలేదు, ఆయనకు అది అక్కరలేదు. ఈ ప్రాంతం గురించి కథ రాయబోయే యువ రచయిత అక్కడి నుంచే మొదలుపెట్టాలి. స్థలం ఎవరిది, అంతస్తుకు ఎంత మిగిలింది, ఆ 11 మందికి అప్పటికి రావలసిన కూలి బాకీ ఎంత.